ఒడ్డుకు కట్టిన పుట్టి

మంటల ఇంకో రెండు కంపమొద్దులు ఎయ్యుండ్రి. పుష్యమాసం చలి, అండ్ల ఏటిగాలి. ఆ పల్లికాయ నిప్పుల మీద గాదు, పక్కపొంటి పెట్టుండ్రి, లేకుంటె మాడుతది.

పొద్దుగాల అడిగినవు గదరా, అలివి వలలోళ్లకు మనోళ్లకు ఈ లొల్లి ఎప్పటిసంది తాతా అని. నలుగుర్ల చెప్పే ముచ్చట గాదని ఊకున్న. ఆ లొల్లి నడుమ ఒక పానం పోయింది. పోయినోడు మనూరోడు గాదు, సముద్రం కాడికెంచి బతకనీకి వచ్చిన పిల్లగాడు. వాని పేరు చెప్పను. వాని తోడబుట్టినోడు ఇంక ఉన్నడు. వాడున్న గుడిసెలు ఏ రేవు కాడ ఉండెనో గూడ చెప్పను, ఆ ముచ్చట్ల ఉన్నోళ్లల్ల సగం మంది మన సుట్టాలే. మిగిలిందంత చూసింది చూసినట్టే చెప్త.

ముందుగాల ఏరు ఎట్లుండెనో మీకు తెల్వాలె. మీరు పుట్టినప్పటిసంది చూస్తున్నది డ్యాం నీళ్లు. మా చిన్నప్పుడు ఎండకాలం వస్తె కృష్ణ సన్నగ పారేది, బండల నడుమ మడుగులు నిలిచేటియి. మా నాయిన పుట్టి నడిపేటోడు. ఆయన ఎనక నిలబడి నేను తెడ్డు నేర్చుకున్న. వెదురుబద్దలతోటి గంప అల్లి దానికి తోలు కట్టేటోళ్లు అప్పుడు. తర్వాత తారు పూసిన గుడ్డ వచ్చింది, ఇప్పుడు ప్లాస్టిక్ సంచులు వచ్చినయ్. పుట్టి గుండ్రంగ ఉంటది గనక తెల్వనోడు తెడ్డేస్తె ఉన్నకాడనే తిరుగుతది, ముంగటికి పోదు. అప్పుడు అవతల కర్నూలు జిల్లా, ఇవతల మన పాలమూరు. పిల్లనిచ్చుడు, తెచ్చుకునుడు అంత ఏటికి అటు ఇటు. సంక్రాంతికి సింగోటం జాతరకు అవతలోళ్లు మా పుట్లల్లనే దాటి వచ్చేటోళ్లు, కోళ్లు, మేకలు, కొబ్బరికాయల మూటలు, సంకల పిల్లలు.

ఏట్ల చేపలు పట్టేది బెస్తోళ్లం. చెరువులల్ల కుంటలల్ల తెనుగోళ్లు గూడ పట్టెటోళ్లు, ఇప్పుడు ముదిరాజులంటున్నం. ఏ మడుగు ఎవనిది అని చిన్న చిన్న తగాదాలు వచ్చేటియి. కులపెద్దలు కూసోని తీర్పు చెప్తె అయిపొయ్యేది. ఠాణా గడప తొక్కినోడు లేడు.

1963ల శ్రీశైలం కాడ నెహ్రూ వచ్చి పునాదిరాయి ఏసిండు. అంత దూరాన గోడ కడ్తె మా గడపల దాక నీళ్లొస్తయని ఎవ్వరం అనుకోలే. పద్దెనిమిదేండ్లు అట్లనే గడిచినయ్. 1981 ఎండకాలం లారీలు వచ్చినయ్, ఎనకనే పోలీసులు వచ్చిండ్రు. పొయిల నిప్పు ఆరకముందే ఇండ్లు కూలగొట్టిండ్రు. మా నాయినమ్మ దర్వాజ చెక్క పట్టుకోని ఇడవలే, అది ఊడదీసి ఆమెతోనే లారీల ఏసుకున్నం. రెండు జిల్లాలల్ల కలిపి నూరుకు మించి ఊళ్లు పోయినయ్, లక్ష మంది దాక చెల్లాచెదురైండ్రు. గుళ్లను మాత్రం రాయి రాయికి నంబరేసి విప్పి మళ్ల కట్టిండ్రు. కూడవెల్లి సంగమేశ్వరుని గుడి అలంపురం పోయింది, జటప్రోలు మదనగోపాలస్వామి గుడి, సోమశిల గుళ్లు గట్టు మీదికొచ్చినయ్. మంచి పనే, నేను కాదనను. మనుషులను గూడ గంత పైలంగ లేపి కూసోబెట్టి ఉంటె బాగుండు. అది తల్సుకుంటె ఇప్పటికి నా కడుపు మండుతది.

1986ల 98 జీవో అని తీసిండ్రు, మునిగిన ఇంటికొక కొలువు అన్నరు. కొందరికొచ్చింది. శానమంది కాయితాల సంచి పట్టుకోని ఆఫీసుల సుట్టు తిరిగి తిరిగి ముసలోళ్లయిండ్రు. ఇదంత ఎందుకు చెప్తున్ననంటె, ఏటి మీద మనోళ్ల పంతం యాడికెంచి వచ్చిందో మీకు అర్థం కావాలె. భూమి పోయింది, ఊరు పోయింది, కండ్ల ముంగట మిగిలింది ఆ నీళ్లే. "మా ఊరిని ముంచిన నీళ్లు, అండ్ల చేప మాది" అనేటోళ్లు. ఆ మాట తప్పని నేను అనలేను.

నీళ్లు నిండినంక చేప పెరిగింది. రవ్వ, బొచ్చ, వాలుగ, జెల్ల, మనం కలల గూడ చూడనంత. కని మా విసురువలలు ఒడ్డు కాడికే సరిపోయేటియి. ఊరికి ఊరు మునిగినంత లోతుల వల ఎట్లెయ్యాలెనో మాకు తెల్వది. తెలిసినోళ్లు సముద్రం కాడికెంచి వచ్చిండ్రు. విశాఖపట్నం, శ్రీకాకుళం దిక్కు జాలరోళ్లు, వాడబలిజలు. డ్యాం నీళ్లు వాళ్లకు కొత్త గాదు. నల్లగొండ దిక్కు నాగార్జునసాగర్ నిండినంక వాళ్లోళ్లు వచ్చి ఆడనే నిలిచిపోయిండ్రు. నేరేడుగొమ్ము మండలంల వైజాగ్ కాలనీ అని మీరు మోటారుసైకిళ్లేసుకోని చేపల ఫ్రై తిననీకి పోతరు చూడు, ఆ పేరు వాళ్లతోనే వచ్చింది.

వచ్చిన కొత్తల వాళ్ల బతుకు ఎట్లుండెనో నేను దగ్గెర్నుంచి చూసిన. నాలుగు కట్టెలు పాతి పైన టార్పాలిన్, అదే ఇల్లు. ఆడోళ్లు పొద్దంత చేపలు కోసి ఉప్పు పట్టించి ఎండబెట్టేటోళ్లు. పిల్లలకు బడి లేదు, రేషను కారడు లేదు, ఈడ ఓటు లేదు. నా పుట్టి ఎక్కంగనే "ఏటి మావా, గాలొత్తాదా?" అని అడిగేటోళ్లు, మొదట్ల నాకు సగం మాట సమజయ్యేది గాదు. నీళ్ల తెలివి మాత్రం వాళ్లదే. ఒక ముసలాయిన చెయ్యి మోచేతి దాక నీళ్లల్ల పెట్టి, కొంచెంసేపు ఊకుండి, ఈ పూట చేప కిందికి దిగింది, బెండ్లు తగ్గించి గుండ్లు పెంచుండ్రన్నడు. తెల్లారి వల తీస్తె పుట్టి మునిగేంత పడ్డది. సన్న నైలాను దారంతోటి నిలువువల అల్లుడు మనోళ్లకు నేర్పింది వాళ్లే. గంగమ్మకు వాళ్లు మొక్కుతరు, మేము మొక్కుతం. ఒక యాడాది మన గంగమ్మ పండుగకు వాళ్లు యాటను తెచ్చి మనతోపాటు కూసోని తిన్నరు. ఇప్పటోళ్లకు ఈ సంగతి తెల్వది, చెప్తె నమ్మరు.

చెడింది అలివి వచ్చినంక. చూడనోళ్లు వినుండ్రి. ఆ వల ఒక కొస ఒడ్డున పట్టుకుంటరు, రెండో కొసను పుట్టిల ఏసుకోని ఏట్లకు పోయి సుట్టు తిప్పి మళ్ల ఒడ్డుకు తెస్తరు. రెండు దిక్కుల మనుషులు నిలబడి నడుములకు తాడు ఆనించి గుంజుతరు, ఇరవై మంది దాక కావాలె. దాని కండ్లల్ల చిటికెనేలు దూరది. అందుకే సర్కారు ఆ వలను బంద్ పెట్టింది. పెద్ద చేపను ఏరి మంచుపెట్టెల ఏస్తరు, చిన్నదంత ఇసుకల ఎండబోసి బస్తాలకెత్తుతరు. నేను ఒకనాడు ఎండబోసిన కాడ పిడికెడు తీసి అరచేతుల పర్చి చూసిన. రవ్వపిల్ల, బొచ్చపిల్ల, కండ్లు ఇంక సక్కగ తెరవనియి, ఒక్కొక్కటి నా గోరంత. రెండేండ్లు ఏట్ల ఇడిస్తె కిలోలు తూగేటియి. నా చెయ్యి వణికింది. ఏటి మీద బతికినోనికి అది చూడబుద్ది గాదు.

ఆ వల కొనాలంటె మస్తు పైసలు కావాలె. ఇరవై మందికి కూలి, తిండి. చేపలు పట్టేటోని కాడ అంత యాడిది? షావుకారి పెడ్తడు. వాని మనుషులు సముద్రం దిక్కు ఊళ్లకు పోయి, ఇంటి పెద్ద చేతుల అడ్వాన్సు పెట్టి పిల్లగాండ్లను తోలుకొస్తరు. ఆ పిల్లగాడు సీజనంత గుంజుతడు. తిన్న బియ్యం, తాగిన బీడీ, జొరమొస్తె ఏసిన గోలి, అంత బుక్కుల రాస్తరు. సీజను అయిపోయేనాటికి అడ్వాన్సు తీరకపోను ఇంకింత పెరుగుతది. 1976లనే వెట్టిని బంద్ చేసే చట్టం వచ్చింది, వెట్టి కింద పెట్టిన బాకీ చెల్లదని అండ్ల ఉన్నది. ఆ సంగతి ఏటి ఒడ్డున ఎవ్వనికి తెల్వది. నాకు తెలిసింది గూడ శానేండ్లకు.

గట్ల ఏటి మీద మూడు జట్లయినయ్. అలివోళ్లు ఒకటి. సముద్రం దిక్కునుంచే వచ్చినా, మాకు అలివి వద్దు, నిలువువల ఏసుకోని బతుకుతం అనెటోళ్లు ఇంకొకటి. ఈ రెండు జట్ల గుడిసెలు ఒక్కకాడనే ఉండేటియి, నడుమ ఒక కంపచెట్టు. అన్న అటు, తమ్ముడు ఇటు ఉన్న ఇండ్లు గూడ ఉండె. ఒక దిక్కు ఆడోళ్లు నీళ్లకు పోయినంక ఇంకో దిక్కోళ్లు పొయ్యేటోళ్లు. మూడోది మన చేపలోళ్ల సొసైటీ. అండ్ల గూడ బెస్తోళ్లకు, ముదిరాజులకు సభ్యత్వం కాడ పడకపొయ్యేది, అది ఇయ్యాల్టికి తెగలే.

ఆ పిల్లగాడు అలివి గుంపులోడు. ఇరవై ఏండ్లు ఉంటడేమో. ఎప్పుడన్న కొల్లాపూర్ అంగడికి పోవాలంటె నా పుట్టి ఎక్కేటోడు. బక్కగ, పొడుగ్గ, ఎడమ చెవికి సన్న ఇత్తడి పోగు. తెడ్డు తీసుకోని తనే ఏసేటోడు, నన్ను ఏయనిచ్చేటోడు గాదు. "నువ్వు కూకో మావా" అనేటోడు. వాని నాయిన సముద్రంల పోయి మళ్ల రాలేదట. తల్లి, ఒక తమ్ముడు. తల్లి పేరు మీదనే అడ్వాన్సు. ఒకనాడు ఏటి నడుమ తెడ్డు ఆపి, "ఈ పిల్లలని పట్టీసి ఎండబెట్టీత్తే ఇంక రెండేళ్లకి ఈ ఏట్లో ఏటుంటాది మావా? మావేటి తింతాం, మీరేటి తింతారు?" అన్నడు. అంత చిన్న పిల్లగాడు గంత ఆలోచన చేస్తుండె అని నాకు ముచ్చటేసింది. లెక్క చూయించుమని బుక్కు అడిగిండట, షావుకారి మనిషి కొట్టిండట. ఆ మాట గూడ వాడే చెప్పిండు, పెదవి పగిలి ఉన్నది.

ఐతే వాడు నిలువువలోళ్ల గుడిసెలకు పొయ్యేటోడు, మన సొసైటీ పిల్లగాండ్లతోటి మాట్లాడేటోడు. దాంతోటి సొంత గుంపోళ్లు వీడు మన గుట్టు బయట పెడ్తుండన్నరు. మనోళ్లు వీడు అలివోళ్లు పంపిన మనిషన్నరు. నిలువువలోళ్లు వీనితోటి మాట్లాడితె మన మీదికొస్తదని తలుపులేసుకున్నరు. మూడు దిక్కుల మాట్లాడినోనికి ఏ దిక్కున నిలువనీడ లేకపాయె.

1989ల రామారావు ఓడిపోయిన ఎలక్షన్లు అయినంక, కార్తీకం ఎల్లి మార్గశిరం వచ్చింది. ఒక రాత్రి మనోళ్లు పోయి అలివి వలను కత్తులతోటి కోసొచ్చిండ్రు. తెల్లారి అలివోళ్లు కట్టెలు పట్టుకోని రేవుకు వచ్చిండ్రు. ఇద్దరి తలకాయలు పలిగినయ్. దాని మూడోనాడు పిల్లగాడు కనపడలే. ఇంకో రెండు దినాలకు పొద్దు పొడవంగ అవతలోడు ఒకడు కేకేసిండు, బండల కాడ తేలింది అని.

శవాలను తీసేది పుట్టోళ్లమే. నేను, ఇంకొకడు పోయినం. బోర్ల పడి ఉన్నడు. ఎడమ చెవికి పోగు ఉన్నది. తిప్పి పుట్టిల ఏసుకున్నం. తలకాయ ఎనక, జుట్టు లోపట ఒక గాయం. అది బండకు తాకి గూడ కావచ్చు, నేను వాదించను. వాని చేతులు మాత్రం నేను చూసిన. రెండు అరచేతులు తెరుచుకోని ఉన్నయ్. గోళ్లల్ల ఒండు లేదు, నాచు లేదు, పోగు దారం లేదు. అప్పుడు నాకు దాని మతలబు పూర్తిగ ఎరుక లేదు. మనసుల మాత్రం నాటుకపోయింది.

రెండోది, వాని పుట్టి. రాత్రి ఒక్కడే పుట్టేసుకోని ఏట్లకు పోయిండు, గాలికి తిరగబడి మునిగిండు అన్నరు. మరి పుట్టి యాడున్నది? రేవుకు కొంచెం ఎగువకు, తుమ్మమొద్దుకు కట్టి ఉన్నది. తెడ్డు లోపట్నే పెట్టి ఉన్నది. పోయి తాడు చూసిన. సముద్రపోళ్లు మొద్దుకు మూడు సుట్లు తిప్పి రెండు ముళ్లేస్తరు. మేము రెండు సుట్లు తిప్పి కొసను కిందికెంచి తీసి బిగిస్తం. ఆ తాడు రెండు సుట్లు తిరిగి, కొస కిందికెంచి వచ్చి ఉన్నది. అది మనోళ్ల ముడి.

పోలీసులు పొద్దు తిరిగినంక వచ్చిండ్రు. పటేండ్లను ఎత్తేసి అప్పటికి అయిదేండ్లు దాటింది, ఊరి తరపున రిపోర్టు రాసే మనిషి లేడు. సెక్షన్ 174 కింద రాస్తున్నం అన్నరు. అనుమానంగ చచ్చినా, ఉరేసుకున్నా, పాము కరిసినా ముందుగాల రాసేది దాని కిందనే. అండ్ల శవాన్ని చూడాలె, గాయాలు రాయాలె, ఎట్ల చచ్చిండో సుట్టుపక్కలోళ్లను అడగాలె. ఖూనీ అని తేలితె కేసు మారుతది. తేలకపోతె మెజిస్ట్రేటుకు కాయితం పోయి ఆడనే ముగుస్తది. అయిదుగుర్ని పంచ్‌లుగ కూసోబెట్టిండ్రు. దాక్టరు వచ్చి చింతచెట్టు కింద సుట్టు చీరెలు కట్టించి కోసిండు. అప్పట్ల ఏటి ఒడ్డు శవాలకు గట్లనే చేసేటోళ్లు.

ఇగ అడుగుడు మొదలైంది. షావుకారి మనిషి, తాగి పోయి పడ్డడన్నడు. నిలువువలోళ్ల పెద్దాయిన తలకాయ వంచుకోని, కాలు జారి ఉంటది బాబయ్యా అన్నడు. మన సొసైటీ పెద్దమనిషి, ఆ రాత్రి గాలి లేచింది, మావోళ్లెవ్వరు ఏటి దిక్కే పోలే అన్నడు. రెండేండ్లసంది ఎదురుపడి మంచినీళ్లడగని మూడు జట్లు ఆనాడు ఒక్క మాట మీద నిలబడ్డయ్. నాకు అప్పుడే గుండె జల్లుమన్నది. షావుకారికి ఖూనీ కేసు పడ్తె వల దొరుకుతది, బుక్కు దొరుకుతది. నిలువువలోళ్లకు, అలివోళ్ల మీద నోరిప్పితె ఆ రాత్రే గుడిసెలు కాలుతయ్, లేకుంటె అందర్ని కలిపి ఏటికెంచి ఎల్లగొడ్తరు. మనోళ్లకు, వల కోసిన వారం లోపలనే శవం తేలింది గనక మొదలు కట్టేది మనోళ్లనే. ఎవ్వని భయం వానికి ఉన్నది. ఆ భయాలన్ని కలిసి పిల్లగాడిని మునిగి చచ్చినోని లెక్కల రాసినయ్.

నేను ముంగటికి పోయి చెప్పిన. సారూ, పుట్టి కట్టి ఉన్నది, ఏటి నడుమ మునిగినోడు పుట్టిని ఎట్ల కడ్తడు, ముడి గూడ చూడుండ్రి అని. గాలికి కొట్టుకోని వచ్చిన పుట్టిని ఎవడో కట్టి ఉంటడు అన్నడు ఆ పోలీసు సారు. గట్ల గూడ కావచ్చు. భయంతోటి కట్టి చెప్పకుండ పోయినోడు ఉండచ్చు. మరి ఆ కట్టినోడు ఎవడని ఊర్ల ఒక్కన్నన్న అడగాలె గద? అడగలే. ముడి సంగతి కాయితంల ఎక్కలే.

తల్లి తెల్లారి వచ్చింది, రైలుకొచ్చి, బస్సుకొచ్చి, ఆఖరికి నా పుట్టిల. అప్పటికే పూడ్సిండ్రు, శవం ఆగదన్నరు. మట్టి కాడ కూసోని ఆమె ఏడ్వలే మొదలు. "ఆడు నాలుగో ఏటినుంచీ కెరటాల్లో ఈదినోడు బాబూ. ఈ కదలని నీళ్లలో మునిగిపోనాడేటి?" అని వచ్చినోన్నల్ల అడిగింది. ఎవ్వరు తలకాయ ఎత్తలే. ఆ రాత్రి మన ఇంట్లనే పడుకున్నది. మీ నాయినమ్మ జొన్నరొట్టె పెడ్తె చేతుల పట్టుకోని తెల్లారేదాక అట్లనే కూసున్నది.

పొద్దుగాల షావుకారి మనిషి బుక్కు తెచ్చి ఆమె ముంగట తెరిచిండు. కొడుకు మీద ఇంత బాకీ ఉన్నది, ఖర్చులు మేమే పెట్టుకున్నం అన్నడు. ఆమెకు చదువు రాదు. బొటనేలు ముద్ర తీసుకున్నడు. వచ్చిన సీజనుకు ఆ చిన్నపిల్లగాడు, తమ్ముడు, అదే గుంపుల అదే తాడు గుంజుడు నేను ఈ కండ్లతోటి చూసిన. పద్నాలుగేండ్లు గూడ నిండి ఉండవు. ఖూనీ అయిందా కాలేదా అని మీరు ఎన్నైన అనుకోండ్రి, ఇది మాత్రం పట్టపగలు అందరి ముంగట జరిగింది.

మనోళ్లు నా మీద గుర్రుమన్నరు. మనోని ముడి అని పోలీసుల ముంగట చెప్తవా, మన పిల్లగాండ్ల మెడకు ఉరితాడు తెస్తవా అన్నరు. ఆరు నెలలు నా పుట్టి ఎక్కలే. పాలు పొయ్యలే, పెండ్లికి పిలవలే. మీ నాయినమ్మ ఒక్కనాడు గూడ ఎందుకు చెప్పినవ్ అనలే. ఆమె ఉన్నది గనక తట్టుకున్న.

ఆ చేతుల మతలబు నాకు 2007ల పూర్తిగ ఎరుకైంది. జనవరి 18. అవతల నెహ్రూనగర్ కాడికెంచి ఇవతల మంచాలకట్టకు జాతర మంది పడవల వస్తుంటె మునిగింది. అరవై మంది దాక పోయిండ్రు, ఎక్కువ ఆడోళ్లు, పిల్లలు. సుట్టుపక్కల పుట్టోళ్లమంత తీయనీకి పోయినం. ఆ దినం సంగతి ఎక్కువ చెప్పలేను. ఒక్కటి చెప్త. మునిగినోళ్ల పిడికిళ్లు బిగుసుకోని ఉండె. ఒకామె చేతుల నాచు, ఇంకొకామె చేతుల పక్కామె కొంగు. పానంతోటి నీళ్లల్ల పడ్డోడు ఏది దొరికితె అది పట్టుకుంటడు. శానమంది నోటి కాడ తెల్ల నురగ ఉండె. నర్సు కోర్సు చదివిన మన మనుమరాలిని తర్వాత అడిగిన. నీళ్లు మింగుకుంట ఊపిరి కోసం కొట్టుకున్నోనికి ఆ నురగ వస్తది తాతా, చచ్చినంక నీళ్లల్ల ఏస్తె రాదు, కని దినాలు గడిచిన శవానికి అది నిలువదు, ఒక్క గుర్తుతోటి తీర్పు చెప్పొద్దు అన్నది. సక్కగ చెప్పింది బిడ్డ. నేను గూడ తీర్పు చెప్తలేను. ఆ పిల్లగాడు నీళ్లల్లకు పోయేటప్పటికి పానంతోటి లేడని నా మనసు చెప్తది. ఎవ్వరు చేసిండ్రో నాకు తెల్వది. మూడు జట్లల్ల ఎవరైన కావచ్చు, మనోళ్లు గూడ.

ఇప్పుడు మీ ఫోన్లల్ల చూపిస్తరు గద, విశాఖల రింగువలల లొల్లి, 2022 జనవరిల పడవలు తగులబెట్టిండ్రని. ఒక్క సముద్రం, ఒక్క కులం, ఒక్క గంగమ్మ. పెద్ద వలోడు, చిన్న వలోడు. ఆడ రగిలినట్టే ఈడ గూడ రగిలింది, ఈడ మన ముంపు దుఃఖంతోటి కలిసింది. ఇప్పటికి చీకట్ల అలివి ఏస్తనే ఉన్నరు. కొల్లాపూర్ దిక్కు ఆ గుంపులల్లకెంచి వెట్టి కూలీలను అధికారులు విడిపించిండ్రని పేపర్ల చూస్తున్నం, వాళ్లల్ల మన చెంచు పిల్లలు గూడ ఉన్నరు. 2016కెంచి సర్కారు ఏటేట చేపపిల్లలను చెరువులల్ల, డ్యాంలల్ల ఇడుస్తున్నది. పెరిగేదాక ఆగని వల దాన్ని గూడ మింగుతది. అలివిని ఆపాలె అంటె నేను ముంగట నిలబడ్త. కని తాడు గుంజే పిల్లగాన్ని కొట్టనీకి పోతె మాత్రం నా మనుమడైన నా ఇంటికి రావద్దు. పెట్టుబడి పెట్టినోడు ఒడ్డుకు గూడ రాడు, మీ కట్టె వాని దాక పోదు.

ఇంకో సంగతి. మొన్న దసరా ఎనక ఒక ఫోన్ వచ్చింది. ఆ తమ్ముని కొడుకు. డిగ్రీ చదువుతున్నడట. మా పెదనాన్న ఎట్ల పోయిండు, కాయితం ఏమన్న ఉన్నదా అని అడిగిండు. ఠాణాకు పోయి అడిగిన. అంత పాతయి ఉండవన్నరు. 174 అనే నంబరే ఇప్పుడు లేదట, 2024 జులై కెంచి కొత్త చట్టంల 194 అయిందట. నంబరు మారినా చచ్చినోని గురించి అడిగే పని అదే గద?

అందుకనే ఇయ్యాల ఇంతసేపు చెప్పిన. రాసేటోడివి నువ్వే ఉన్నవు ఇంట్ల. రేపు పొద్దుగాల మందిల కూసోకముందే కాయితం తియ్యి. పుట్టి యాడ కట్టి ఉన్నది, తాడు ఎన్ని సుట్లు, గాయం యాడ, చేతులు ఎట్లున్నయ్, ఎవరెవరు ఏమన్నరు, అన్ని వరుసగ చెప్త, చెప్పింది చెప్పినట్టే రాయి. మనోళ్ల ముడి అన్న మాట ఇడిసిపెట్టకు. సంతకం పెడ్త. ఆ తమ్ముని కొడుకు నంబరు నా ఫోన్ల ఉన్నది, ఆ కాయితం ఫోటో తీసి వానికి పంపు.